నిప్పుల మీద అనాస ముక్క

ఈ శీర్షిక చూసి, ఇదేదో పండ్లతో చేసే ఫలహారం కాబోలు అనుకుని చదవడం మొదలుపెట్టిన వారు నన్ను ముందే క్షమించాలి. అనాస ముక్క ఉన్న మాట నిజమే. దాని పక్కన నిప్పుల మీద కాలుతున్నది మాత్రం పంది మాంసం. ఇష్టం లేని వారు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు, నేనేమీ అనుకోను. అరవై ఆరేళ్ళ వయసు వచ్చేదాకా నేనూ తిప్పేసిన దాన్నే.

మేము మైసూరులో ఉంటున్నాం. నేను పుట్టి పెరిగింది మాత్రం కోలారు బంగారు గనుల్లో. మా తాత పలమనేరు పక్క పల్లె నుంచి గనుల్లో కూలి పనికి వచ్చాడు. మా నాయన అదే గనుల ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు. ఇలా నాలుగు భాషల మధ్య పెరిగిన మనలాంటి వాళ్ళ సంగతి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. బరంపురంలో ఉన్నవారికైనా, యానాంలో ఉన్నవారికైనా, షోలాపురంలో ఉన్నవారికైనా లెక్క ఒకటే. మాట నాలుగు రకాలుగా మారుతుంది గానీ, వంటింటి గడప దగ్గర మాత్రం మనం కదలం. ఏది లోపలికి రావచ్చు, ఏది రాకూడదు అన్న పట్టీ మన అవ్వలు రాసిపెట్టి పోయారు. మా ఇంటి పట్టీలో కోడి, మేక, చేప రావచ్చు. పంది రాకూడదు. వంటింట్లోకే కాదు, పెరట్లోకి కూడా.

మనవడు అడిగిన ప్రశ్న

మా అమ్మాయి వైద్యురాలు. 2014లో కొడగు అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. వియ్యాలవారిది గోణికొప్పల్ దగ్గర చిన్న కాఫీ తోట. మర్యాదలో గానీ, ఆప్యాయతలో గానీ వంక పెట్టడానికి లేని మనుషులు. కొడవల ఇళ్ళలో పండగన్నా, పెళ్ళన్నా పంది కూర ఉండి తీరాలి. 'పంది కర్రి' అంటారు. వాళ్ళ భాషలో కూడా పందిని 'పంది' అనే అంటారు సుమా! ఆ ఒక్క మాట మాత్రం నాకు అనువాదం అక్కరలేకుండానే అర్థమైంది.

పెళ్ళయిన ఏడే సెప్టెంబరులో కైల్ పొళ్దు పండగకు మమ్మల్ని పిలిచారు. వరి నాట్లు పూర్తయిన తరువాత వచ్చే ఆయుధ పూజ అది. తుపాకులూ కత్తులూ కడిగి, పసుపూ ఎరుపూ కలిసిన నాభి పువ్వులు పెట్టి పూజ చేశారు. తరువాత విస్తళ్ళు వేశారు. తెల్లగా గుండ్రంగా ఉన్న కడంబుట్టు వడ్డించారు. చూస్తే అచ్చం మన వినాయక చవితి ఉండ్రాళ్ళే! బియ్యపు రవ్వ ఉడికించి ఉండ చేసి ఆవిరి మీద పెట్టినవి. నాకు ప్రాణం లేచి వచ్చింది. దాని పక్కన నల్లటి కూర వచ్చేసరికి మళ్ళీ కూలబడింది. 'నాకు ఒంట్లో బాగాలేదు' అన్నాను. మా వియ్యపురాలు ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి ఒక గిన్నెలో పెరుగు, అరటిపండు తెచ్చి పెట్టింది. ఆ తరువాత పదేళ్ళపాటు నేను ఎప్పుడు వెళ్ళినా నా విస్తరి దగ్గర పెరుగు, అరటిపండు అడక్కుండానే ఉండేవి. నాకు పండగనాడే ఒంట్లో బాగుండదని ఆవిడ నమ్మి ఉంటుందా? నమ్మలేదని నాకూ తెలుసు.

2025 ఏప్రిల్‌లో మా మనవడు సెలవులకు మా ఇంటికి వచ్చాడు. వాడికి ఏడు నిండి ఎనిమిది రాబోతోంది. ఒక మధ్యాహ్నం నేనూ, మా అమ్మా, వాడూ కూర్చుని సంగటి తింటున్నాం. వాడు ఉన్నట్టుండి, "అమ్మమ్మా, మా అవ్వ వండింది మురికిదా?" అన్నాడు.

"అదేంరా, ఎవరన్నారు?" అన్నాను.

"ఎవరూ అనలేదు. నువ్వు తినవు కదా. మురికిదైతేనే కదా తినరు?"

నాకు నోట మాట రాలేదు. మా అమ్మకు ఎనభై ఏడేళ్ళు. చెవులు సరిగా వినపడవని అందరం అనుకుంటాం. ఆవిడ ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చుంది.

1968 క్రిస్మస్

అమ్మ ఎందుకు అలా కూర్చుందో నాకు తెలుసు. అది చెప్పాలంటే బంగారు గనుల దాకా వెనక్కు వెళ్ళాలి.

గనులు 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ చేతిలో నడిచాయి. 1902లోనే శివనసముద్రం నుంచి అక్కడికి కరెంటు వచ్చింది. 1956లో గనులు ప్రభుత్వపరం అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఊరిగామ్, చాంపియన్ రీఫ్, మారికుప్పం, రాబర్ట్‌సన్‌పేట అనే పేర్లు వింటే ఇప్పటికీ నాకు సైనైడు మట్టి దిబ్బల మీద వీచే గాలి గుర్తొస్తుంది. ఆ ఊళ్ళో తమిళులు, తెలుగువారు, కన్నడిగులతో పాటు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. గనుల్లో వాళ్ళది పై ఉద్యోగం, మాది కింది ఉద్యోగం. అయినా మా వీధి చివర ఉన్న ఒక కుటుంబంతో మాకు రాకపోకలు ఉండేవి. వాళ్ళమ్మాయి, నేను ఒకే తరగతి. ఇద్దరం అరవంలో పోట్లాడుకునేవాళ్ళం.

1968లో నాకు తొమ్మిదేళ్ళు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఒక పింగాణీ పళ్ళెం మీద తెల్లటి గుడ్డ కప్పి తెచ్చింది. గుడ్డ తీస్తే రెండు మాంసపు ముక్కలు, ఎముకతో సహా, ఎర్రగా కాలి మెరుస్తున్నాయి. వాటి మీద రెండు అనాస చక్రాలు, అంచులు నల్లబడి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. "మమ్మీ చేసింది, ఆంటీకి ఇమ్మంది" అని మా అమ్మ చేతికి ఇచ్చింది. అమ్మ నవ్వుతూ తీసుకుంది. పళ్ళెం రేపు పంపిస్తానంది. పిల్ల గేటు దాటీ దాటకముందే అమ్మ పెరటి తలుపు తీసి, ఆ ముక్కలు రెండూ గోడ అవతలి కుక్కలకు వేసింది. పళ్ళేన్ని బూడిదతో మూడుసార్లు తోమింది.

గుడ్డ తీసుకోవడం మరిచిపోయిన ఆ పిల్ల వెనక్కు వచ్చింది. పెరటి గోడ పక్క సందులో నిలబడి అంతా చూసింది. నేను ఆ పిల్లను చూశాను. అమ్మ కూడా చూసింది.

తరువాత ఆ పిల్ల మా ఇంటికి రాలేదు. ఆ రోజుల్లో ఆంగ్లో ఇండియన్లు చాలామంది ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు వెళ్ళిపోతూ ఉండేవారు. వాళ్ళూ రెండేళ్ళకు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఈ విషయం నేనూ అమ్మా యాభై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మనవడి ప్రశ్న విన్న ఆ రాత్రి, పడుకోబోతూ అమ్మ అంది: "ఆ పిల్ల ముఖం నాకింకా కనపడుతూనే ఉందే."

మనవాళ్ళు తిననే లేదా?

మరుసటి రోజు అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "మే నెలలో వాడి పుట్టినరోజు మన ఇంట్లో చేద్దామా? అత్తయ్యావాళ్ళు వస్తారు. ఆయన మాంసం కాలుస్తానంటున్నాడు, మన పెరట్లోనే" అంది. ఆ 'మాంసం' ఏ మాంసమో తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అమ్మను అడిగితే, తినడం సంగతి పక్కన పెట్టి వాదన మొదలుపెట్టింది. "తిరుమలకు పోతే ముందు వరాహస్వామిని చూడందే వెంకటేశ్వరుణ్ణి చూడం. అలాంటిది..." అంది. మావారు పేపరు వెనక నుంచి, "మత్స్యావతారానికి మొక్కి చేపల పులుసు తినడం లేదా అత్తయ్యా?" అన్నారు. అమ్మ దగ్గర దానికి జవాబు లేదు.

నిజానికి పంది విషయంలో మన భాషకే రెండు నాలుకలు. ఒక పక్క వరాహావతారం, విజయనగర రాజుల ముద్రలో వరాహం, ఆ పేరు మీదే బంగారు వరహాలు. ఇంకో పక్క 'పందికేం తెలుసు పన్నీరు వాసన', 'నందిని పందిని చేయడం'. తిట్టడానికి పంది, మొక్కడానికి వరాహం!

పోనీ మనవాళ్ళు తిననే లేదా అంటే, అదీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి కసాయి వీధుల్లో పందులు ఎంతో తెల్లగా, శుభ్రంగా ఉండేవనీ, ఒక్కో పంది నాలుగైదు ఫణాలు పలికేదనీ రాశాడు. తరువాత వచ్చిన నూనిజ్ అయితే, ఆ రాజులే ఆవు, ఎద్దు మాంసం తప్ప తక్కినవన్నీ తినేవారని చెబుతూ, ఆ జాబితాలో పందినీ చేర్చాడు. కర్ణాటకలోనూ, తమిళనాడులోనూ ఉన్న తెలుగువాళ్ళలో చాలామందిమి, మా పూర్వులు విజయనగర కాలంలో దండులతో వచ్చారని చెప్పుకుంటూ ఉంటాం. ఆ దండు ఏం తినిందో మాత్రం మరిచిపోయాం.

మరి ఈ ఏవగింపు ఎక్కడిది? నాకు తోచింది చెబుతాను. ఊళ్ళో మురికి కాలువల పక్కన తిరిగే పందులను చూసి పుట్టిన అసహ్యం కొంత. అది న్యాయమైనదే. ఆ పందులను పెంచే మనుషులను ఊరి బయట ఉంచి, వాళ్ళను చూసినట్టే వాళ్ళ తిండినీ చూడడం మిగతాది. అది న్యాయమైనది కాదు. తోట ఉన్నవాళ్ళు, తుపాకీ ఉన్నవాళ్ళు పండగనాడు విస్తట్లో వడ్డిస్తే అదే మాంసం 'సంప్రదాయం' అవుతుంది. గుడిసెలో వండితే 'ఛీ' అవుతుంది. ఈ తేడా మాంసంలో లేదు గదా!

ఇంకో మాట. అమ్మ చివరి అస్త్రంగా, "పంది తింటే మెదడులో పురుగు చేరుతుందట" అంది. మా అమ్మాయి దీనికి ఓపిగ్గా జవాబు చెప్పింది. బద్దె పురుగు తిత్తులున్న మాంసాన్ని సరిగా ఉడికించకుండా తింటే, మనిషి పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. అది ఒక జబ్బు. మెదడులో తిత్తులు చేరడం ఇంకో జబ్బు. అది మాంసం తినడం వల్ల నేరుగా రాదు. పేగుల్లో పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు, కడుక్కోని చేతుల ద్వారానో, మురుగు కలిసిన నీళ్ళ ద్వారానో, కడగని ఆకుకూరల ద్వారానో నోట్లోకి పోతే వస్తుంది. అందుకే పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని వాళ్ళకు కూడా వస్తుంది. కాబట్టి మాంసం బాగా కాలాలి, చేతులు బాగా కడగాలి, మరుగుదొడ్డి ఉండాలి. ఇంతే సంగతి. మంచి ఫారంలో, కొట్టంలో పెట్టి దాణాతో పెంచిన పంది మాంసం, నమ్మకమైన అంగడిలో కొనుక్కోవాలి. వీధి పందుల జోలికి వెళ్ళకూడదు.

మాంసానికి పులుపు ఎందుకు?

మే నెల మూడో ఆదివారం పొద్దున్నే వియ్యాలవారు దిగారు. కారు డిక్కీలో ఒక బస్తా కాఫీ కట్టె బొగ్గులు, ఆరు అనాస పండ్లు, పాత గాజు సీసాలో కారు నల్లగా ఏదో ద్రవం ఉన్నాయి. అది కాచంపుళి. కొడగు వంటకు ప్రాణం అదే. మలబారులో చేపల పులుసులో వేసే కుడంపుళి కాయ ఉంది గదా, ఆ చెట్టు పండ్లే. వానాకాలంలో రాలిన పండ్లను బుట్టలో పోస్తే, అడుగున పెట్టిన గిన్నెలోకి రసం కారుతుంది. ఆ రసాన్ని కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కాచి కాచి, నల్లగా చిక్కబడేదాకా మరిగిస్తారు. ఏళ్ళ తరబడి చెడదు. ఒక్క చెంచా చాలు, కిలో మాంసానికి పులుపు అందుతుంది. మా వియ్యపురాలు తెచ్చిన సీసా ఆవిడ అత్తగారి కాలం నాటి కాపుదట.

పంది మాంసానికి పండు ఎందుకు జత అని నేను అడిగాను. ఆవిడ, "మీరు గోంగూర మాంసం ఎందుకు చేస్తారక్కా?" అంది. నిజమే గదా! చింతచిగురు మాంసం, మామిడికాయ రొయ్యలు, గోంగూర మాంసం తిని పెరిగిన నాలుకకు ఇది కొత్తేమీ కాదు. కొవ్వు నోటిని జిడ్డు చేస్తుంది, పులుపు నోరూరించి ఆ జిడ్డును కోస్తుంది. పంది మాంసంలో కొవ్వు ఎక్కువ కాబట్టి పులుపు అవసరమూ ఎక్కువే. ఇంగ్లీషువాళ్ళు ఆపిల్ పెడతారు, గోవావాళ్ళు వినిగర్ పోస్తారు, కొడవలు కాచంపుళి వేస్తారు. ఎవరి తోటలో ఏది కాస్తే అది. అన్నట్టు, మన 'అనాస' కూడా పోర్చుగీసువాళ్ళు తెచ్చిన పండే, పేరూ వాళ్ళదే. విజయనగరం అంగళ్ళలో పందులను చూసి మెచ్చుకున్న జాతివాళ్ళే ఈ పండునూ మనకు ఇచ్చిపోయారు.

చేసిన విధానం

చేయాలనుకునే వారి కోసం, మా అల్లుడు చేసింది చేసినట్టు రాస్తున్నాను. పదిమందికి సరిపోయింది.

పంది నడుము భాగంలో, ఎముకతో కోసిన చాప్స్ పది తీసుకున్నాడు. ఒక్కొక్కటి అంగుళం మందం ఉండాలి. పలచగా కోస్తే నిప్పు మీద అట్టలా ఎండిపోతాయి. మాంసం గులాబీ రంగులో, కొవ్వు తెల్లగా గట్టిగా ఉండాలి. అంచున ఉన్న కొవ్వు మీద కత్తితో రెండు మూడు చోట్ల గాటు పెట్టాలి, లేకపోతే కాలేటప్పుడు ముక్క దొన్నెలా ముడుచుకుంటుంది.

ధనియాలు నాలుగు చెంచాలు, జీలకర్ర రెండు చెంచాలు, మిరియాలు మూడు చెంచాలు, ఆవాలు అర చెంచా, మెంతులు చిటికెడు తీసుకుని, సన్నటి సెగ మీద కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించి పొడి చేశాడు. ఇంత నల్లగా వేయిస్తే మా అమ్మ 'మాడిపోయింది' అని పారేసేది. కొడగు మసాలాకు ఆ నలుపే అందం. ఈ పొడికి అల్లం వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, నాలుగు పచ్చిమిరపకాయల ముద్ద, పసుపు, తగినంత ఉప్పు, ఒక పెద్ద చెంచా కాచంపుళి, రెండు చెంచాల నూనె కలిపి ముక్కలకు పట్టించి, మూత పెట్టి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాడు. కాచంపుళి దొరకని వారు చిక్కటి చింతపండు రసం వాడుకోవచ్చు. రుచి వేరుగా ఉంటుంది గానీ బాగానే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పచ్చి అనాస రసాన్ని మసాలాతో పాటు ముందే కలపకూడదు. అనాసలో బ్రొమెలైన్ అనే పదార్థం ఉంది, అది మాంసాన్ని అరిగిస్తుంది. అనాస ఎక్కువ తింటే నాలుక మండేది కూడా దానివల్లే. మనం ముదురు మాంసానికి పచ్చి బొప్పాయి పట్టిస్తాం చూడండి, అదే పని. లేత చాప్స్‌కు గంటల తరబడి పట్టిస్తే పైపొర పిండిలా అయిపోతుంది. మా అల్లుడు కాల్చడానికి అరగంట ముందు మాత్రం రెండు చెంచాల రసం రాశాడు. డబ్బాలో దొరికే అనాసను ముందే వేడి చేసి ఉంటారు కాబట్టి దానికి ఈ గుణం ఉండదు. వేడికి బ్రొమెలైన్ చచ్చిపోతుంది.

పెరట్లో ఇటుకలు పేర్చి, మధ్యలో బొగ్గులు రాజేసి, పైన ఇనుప జాలీ పెట్టాడు. బొగ్గులన్నీ ఒక పక్కకు ఎత్తుగా తోసి, రెండో పక్క పలచగా ఉంచాడు. బొగ్గుల మీద మంట ఆగి తెల్లటి బూడిద పట్టిన తరువాతే ముక్కలు వేయాలి. ముందు ఎక్కువ సెగ పక్క ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు, తరువాత తక్కువ సెగ పక్కకు జరిపి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. కొవ్వు బొట్లు పడి మంట లేస్తే, ముక్కను పక్కకు జరపాలే గానీ నీళ్ళు చల్లకూడదు. చల్లితే బూడిద ఎగిరి మాంసానికి అంటుతుంది.

మాంసం కాలిందని ఎలా తెలుస్తుంది? మా అమ్మాయి గుచ్చి చూసే థర్మామీటరు తెచ్చింది. ఇలాంటి ముక్కలకు లోపల 63 డిగ్రీల సెల్సియస్ చేరి, దించాక మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చెప్పింది. అంతకుముందు 71 డిగ్రీలు అనేవారు. మా అమ్మాయి మాత్రం మన ఊళ్ళలో పాత లెక్కే మేలని 71 దాకా కానిచ్చింది. థర్మామీటరు లేని వారు ఎముక పక్కన కోసి చూస్తే, లోపల ఎరుపు కనపడకూడదు, రసం తేటగా రావాలి. ఎముక పక్కనే ఆఖరున కాలుతుంది.

పండు సంగతి చివర్లో. అనాసను అర అంగుళం చక్రాలుగా కోసి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు కాల్చాలి. పండులోని చక్కెర ముందు బంగారు రంగు తిరుగుతుంది, తరువాత నల్ల గీతలు పడతాయి, ఆ పైన మాడి చేదు ఎక్కుతుంది. రెండో దశలో దించాలి. మిగిలిన అనాస రసంలో బెల్లం, కాచంపుళి బొట్టు, మిరియాలు వేసి చిక్కగా మరిగించి, ముక్కలు దించబోయే ముందు ఆఖరి రెండు నిమిషాల్లో పైన పూయాలి. ముందే పూస్తే చక్కెర మాడి, పైన బొగ్గు, లోపల పచ్చి అవుతుంది. పచ్చి మాంసం నానిన మసాలాను మాత్రం పైన పూయకూడదు, పారేయాలి.

పెరట్లో

నిప్పు రాజుకునేదాకా అమ్మ లోపల గదిలోనే ఉంది. నేను పిలవలేదు. ఎనభై ఏడేళ్ళ మనిషిని ఏ మొహం పెట్టుకుని బలవంతం చేస్తాం? ముక్కలు వేయకముందు మనవడు లోపలికి వెళ్ళి, "జేజీ, ముందు నీకు పండు కాలుస్తాడట నాన్న, జాలీ కొత్తది, దాని మీద ఇంకా ఏమీ వేయలేదు" అన్నాడు. ఆ ఏర్పాటు మా వియ్యపురాలిదని నాకు తరువాత తెలిసింది. పదేళ్ళు నా విస్తరి పక్కన అరటిపండు పెట్టిన చేయి గదా అది!

అమ్మ కర్ర పట్టుకుని వచ్చి వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుంది. కాలిన అనాస చక్రం పళ్ళెంలో పెట్టి ఇస్తే, తినకుండా ముందు వాసన చూసింది. కాసేపు అలాగే ఉండి, మా వియ్యపురాలిని దగ్గరకు పిలిచింది. ఆవిడకు తెలుగు అంతంత మాత్రం, అమ్మకు కన్నడం బాగానే వచ్చు. 1968 క్రిస్మస్ సంగతి అంతా చెప్పింది. పింగాణీ పళ్ళెం, తెల్ల గుడ్డ, పెరటి గోడ, బూడిదతో మూడుసార్లు తోమడం, ఏదీ దాచలేదు. ఆఖరున, "ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలీదు. నీకైనా చెప్పుకుందామని" అంది.

మా వియ్యపురాలు కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అమ్మా, ఆ పళ్ళెం వెనక్కు పంపించారా?" అని అడిగింది.

"పంపించాను. ఉత్త పళ్ళెం పంపకూడదని అందులో అరిసెలు పెట్టి పంపాను. వాళ్ళు తిన్నారో, కుక్కలకు వేశారో!" అంది అమ్మ. ఆ మాటకు తనే ముందు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అమ్మ ఆ రోజు పంది మాంసం తినలేదు. తినమని ఎవరూ అడగలేదు. రెండు అనాస చక్రాలు మాత్రం తిని, మూడోది కావాలంది. మాంసం ఉన్న బల్లకు ఎదురుగానే కూర్చుని, అందరూ తినేదాకా లేవలేదు.

నేను తిన్నాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకునేటప్పుడు చేయి వణికింది, అబద్ధం చెప్పను. నమిలాక తెలిసింది, నేను భయపడిన వాసన ఏదీ అందులో లేదు. మిరియాల ఘాటు, పొగ, పులుపు, ఆ వెనక అనాస తీపి. మహా అద్భుతం అని చెప్పలేను, మా మేక మాంసం పులుసే నాకిప్పటికీ గొప్ప. సగం ముక్క తిన్నాక చాలనిపించింది. మనవడు నా పళ్ళెంలోకి తొంగి చూసి, "అమ్మమ్మ తినింది!" అని పెద్దగా అరిచాడు. మా వియ్యపురాలు నా వైపు చూసి తల తిప్పేసుకుంది. ఆవిడ కళ్ళు తడిసినది పొగ వల్లేనని నేనూ అనుకున్నట్టు నటించాను. పదేళ్ళు నా జ్వరాన్ని నమ్మినట్టు ఆవిడ నటించలేదా?

ఇది చదివి అందరూ పంది మాంసం తినాలని నేను చెప్పడం లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆచారం కోసమో, నమ్మకం కోసమో, జాలి కోసమో మానేసిన వారి నియమం నాకు గౌరవమే. మా అమ్మ నియమం మా అమ్మది, ఇప్పటికీ అలాగే ఉంది. 'నేను తినను' అనడానికీ, 'నువ్వు తినేది మురికిది' అనడానికీ మధ్య ఒక సన్నటి గీత ఉంది. పెద్దవాళ్ళం దాన్ని దాటుతున్నామో లేదో మనకు తెలియకపోవచ్చు. పక్కన కూర్చున్న పిల్లలకు మాత్రం తెలిసిపోతుంది.

మన కుటుంబాల్లో ఇప్పుడు కోడళ్ళు, అల్లుళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఒడియా ఇంటి పఖాళం, మరాఠీ ఇంటి పూరణ్‌పోళి, యానాంవారి పులస మన విస్తళ్ళలోకి వచ్చాయి. మీ ఇంటి గడప దగ్గర ఆగిపోయిన వంట ఏదో, అది లోపలికి ఎలా వచ్చిందో, లేదా ఎందుకు రాలేదో, వచ్చే సంచికకు మీరూ రాయండి. మా వియ్యపురాలు ఈ సెప్టెంబరు పండగకు మమ్మల్ని మళ్ళీ పిలిచింది. అమ్మ కూడా వస్తానంటోంది. అరిసెలకు బియ్యం నానబోయాలి.